టైలరమ్మ దాచిన తిమ్మిరి

మా వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మకు యాభై రెండేళ్లు. చొక్కా కాలర్లు కుట్టడంలో ఆమెది అందె వేసిన చేయి. పేగులో మొదలైన కేన్సర్ కాలేయానికి పాకింది. ఉన్న మందులన్నీ అయిపోయాక డాక్టరు కొత్త మందు పరీక్ష సంగతి చెప్పాడు.

"ఈ మందు మనుషులకి ఇప్పుడిప్పుడే ఇస్తున్నాం. ఎంత మోతాదు తట్టుకుంటారో తెలుసుకోవడమే ముందు పని. మీకు నయమవుతుందని మాటివ్వలేను. ఎప్పుడు వద్దనుకున్నా మానేయొచ్చు."

ఆమె చెల్లెలు ఒప్పుకోలు కాగితాలు రెండుసార్లు చదివి వినిపించింది. టైలరమ్మ సంతకం పెట్టింది.

మందు మొదలై మూడు వారాలు దాటేసరికి వేలికొసలు మొద్దుబారాయి. గుండీ పట్టుకున్నా పట్టుకున్నట్టే లేదు.

"చేతుల్లో తిమ్మిరేమైనా ఉందా అమ్మా?" అని నర్సు ప్రతి మంగళవారం అడిగేది.

"లేదమ్మా."

ఉందంటే మందు ఆపేస్తారు. ఆపేస్తే ఇక ఏముంది?

ఒక మధ్యాహ్నం ఆమె తెల్ల కాలరుకు చేత్తో కుట్లు వేస్తోంది. సూది మాటిమాటికీ చూపుడువేల్లో దిగుతోంది. బట్ట మీద రక్తం. ఆమె మాత్రం వంచిన తల ఎత్తకుండా కుడుతూనే ఉంది.

"అక్కా, నీ వేలు," అంది చెల్లెలు. "ఎన్నాళ్లనుంచి ఇలా?"

"ఆసుపత్రిలో నోరు విప్పావంటే మళ్లీ నాతో మాట్లాడకు."

"మాట్లాడకపోతే మానెయ్. నాకు నువ్వుంటే చాలు."

చెల్లెలు వెంటనే నర్సుకు ఫోన్ చేసింది. మర్నాడు డాక్టరు వేళ్లు పరీక్షించి మందు ఆపాడు. టైలరమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది.

"తిమ్మిరి తగ్గాక తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు," అన్నాడాయన. "మీకేమీ కాలేదనుకుని, బయట కూర్చున్న డ్రైవరుగారికి ఎల్లుండి మీకంటే ఎక్కువ మోతాదు ఇవ్వాల్సింది. అది కూడా ఆపాం."

ఆ డ్రైవరు కూడా ఈ మందు పరీక్షకే వచ్చే రోగి, ఎప్పుడూ ఆమెకు ఫ్యాను కింద కుర్చీ వదిలిపెట్టే మనిషి. గదిలోంచి వస్తూ టైలరమ్మ అతని కళ్లలోకి చూడలేకపోయింది.

నాలుగు వారాలకు మందు మళ్లీ మొదలైంది. స్కాన్ ఫలితం చెప్పే రోజు అక్కచెల్లెళ్లిద్దరికీ ముద్ద దిగలేదు.

"గడ్డలు తగ్గలేదు. పెరగనూ లేదు," అన్నాడు డాక్టరు.

"అంటే మంచేనా బాబూ?"

"ఇప్పటికి మంచే. రెండు నెలలకి మళ్లీ చూద్దాం."

కుడిచేతికి స్పర్శ కొంత తిరిగొచ్చింది. ఎడమచేతికి రాలేదు. బస్సులో చెల్లెలు కిటికీ పక్క సీటు ఆమెకిచ్చింది.

"రెండు నెలలంటే ఎన్ని వారాలే?" అని అడిగింది టైలరమ్మ.

"లెక్కపెట్టకక్కా," అంది చెల్లెలు. తను మాత్రం అప్పటికే లెక్కపెట్టేసింది.