అంపైరే అప్పీలు చేసిన మ్యాచి

ఏలూరులో నేను వికెట్ కీపరుగా వెలిగిన కాలంలో, బంతి పట్టడం కన్నా అవుటని అరవడమే గొప్ప విద్య అనుకునేవాణ్ణి. బంతి దేనికీ తగలకపోయినా రెండు చేతులూ పైకెత్తి గావుకేక పెట్టేవాణ్ణి. స్నేహితులు మైకు అని పిలిచేవారు. (గొంతు పోయి ఇంటికొచ్చినప్పుడల్లా మిరియాల పాలు ఇస్తూ మా అమ్మ వేరే పేర్లు పెట్టేది.) ఎనిమిదేళ్లయ్యాక తణుకులో ఒక మ్యాచిలో వేలు విరిగి వంకరగా అతుక్కుంది. ఇక కీపింగు వద్దన్నారు డాక్టరు గారు. ఆట వదలడానికి మనసొప్పక అంపైరు పరీక్ష రాసి ప్యాసయ్యాను.

అంతటితో అయిపోదు. ఒక మ్యాచిలో నిలబడి, పెద్ద అంపైరు చేత పనికొస్తాడని రాయించుకోవాలి. నాకు తాడేపల్లిగూడెంలో పడింది. రాయవలసిన ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. రెండో వైపు అంపైరు కూడా ఆయనే.

"చూడు బాబూ, అంపైరన్నవాడు అడిగితేనే చెప్పాలి. అడక్కపోతే నోరు మెదపకూడదు" అన్నారు.

"అలాగేనండీ" అన్నాను.

ఫీల్డింగు గూడెం జట్టుది, బ్యాటింగు కొల్లేరు పక్క ఊళ్ల జట్టుది. వాళ్ల ఆశంతా ఒక పాస్టరు గారి అల్లుడి మీదే. స్కూలు టీచరాయన, అరవై పరుగులు దాటి ఆడుతున్నారు. ఇంకో పది కొడితే గెలుపు. అప్పుడొక బంతి ఆయన బ్యాటు అంచుని వెంట్రుకవాసి తాకి కీపరు చేతుల్లో పడింది. ఆ సన్నని చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. కీపరుకి వినిపించలేదు కాబోలు, బంతి వెనక్కి విసరబోతున్నాడు. ఎవరూ అప్పీలు చేయలేదు. చేయకపోతే అవుటివ్వకూడదు. ఆ నిబంధన కూడా గుర్తొచ్చింది. అది గుర్తొస్తుండగానే నా రెండు చేతులూ పైకి లేచిపోయి, "హౌజట్!" అని నేనే అరిచేశాను.

మరుక్షణం గూడెం వాళ్లంతా కలిసి అరిచారు. కొల్లేరు కెప్టెను బయటినుంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేం అన్యాయమండీ! అంపైరు గారే అడిగితే మరి చెప్పేదెవరండీ?"

అవుటంటే పక్షపాతం, కాదంటే అబద్ధం. (అప్పటికి అందరి చేతుల్లోనూ కెమెరా ఫోన్లు లేవు కాబట్టి బతికిపోయాను.) డ్రిల్లు మాస్టారి వైపు చూస్తే ఆయన ఆకాశం చూస్తున్నారు.

అప్పుడు పాస్టరు గారి అల్లుడు గ్లౌజులు విప్పుకుంటూ, "ఊరుకోండి, తగిలిందండీ. నాకు తెలుసు కదా" అని కెప్టెన్ని ఆపారు. నా పక్కనుంచి వెళ్తూ, "ఏవండీ, మీరు ఇదివరకు కీపరా అండీ?" అని అడిగారు. తలూపాను. "అనుకున్నానండీ" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నేను మళ్లీ ఊపిరి తీసుకున్నది అప్పుడే. ఒక్క వికెట్టే మిగిలుండగా కొల్లేరు జట్టే గెలవడంతో, నా అరుపు వాళ్లని ఓడిస్తుందేమోనన్న బెంగా తీరింది.

సాయంత్రం మాస్టారు నా ఎదుటే రిపోర్టు రాశారు. "నిబంధనలు తెలుసు. చెవి చురుకు. గొంతు..." అని రాసి ఆగారు. నా మొహం చూసి, ఆ చివరి మాట కొట్టేసి, కింద "ప్యాసు" అని రాశారు.

ఇప్పుడు ఆ రిపోర్టులు రాసేది నేను. కొత్త అంపైర్లు బుద్ధిగా, పెదవులు బిగించి నిలబడతారు. ఒక్కడైనా ఒళ్లు మరిచి అరవకపోతాడా, నేనూ ఒక మాట కొట్టేసి ప్యాసు చేయకపోతానా అని చూస్తుంటాను. ఇన్నేళ్లలో ఒక్కరూ అరవలేదు.