శోభారాణి గారి మోషే

మా పక్కింటి శోభారాణి గారికి రేపల్లెలో రెండింటికి పేరు. ఒకటి ఆవిడ నోరు, రెండోది ఆవిడ నూనె. నోటి సంగతి తర్వాత చెబుతాను. నూనె సీసా లేని ఇల్లు మాత్రం మా వీధిలో లేదు. కొబ్బరినూనె వెచ్చజేసి, కర్పూరం బిళ్లలు వేసి, కరిగాక సీసాల్లో పోసి అందరికీ పంచుతారు. పసివాళ్లకు జలుబు చేస్తే గుండెల మీద, నాబోటి వాళ్లకు మోకాళ్ల మీద రాసుకోవడానికి. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆసుపత్రిలో ఆయా. మా వీధిలో సగం మంది పిల్లలకు మొదటి స్నానం పోసింది ఆ చేతులే. ఆవిడ చెయ్యి పడితే తగ్గిపోతుందని తల్లులకు గట్టి గురి. ఆ గురి ఆవిడకూ ఉంది.

భర్త పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లోకి మోషే వచ్చాడు. కాలవ గట్టున గోనెసంచిలో కుయ్యిమంటున్న కుక్కపిల్లను తెచ్చుకుని, నీళ్ల దగ్గర దొరికాడు కాబట్టి మోషే అన్నారు. బైబిల్లో ప్రవక్త పేరు కుక్కకు పెట్టడమేమిటమ్మా అని చర్చి పాస్టరు గారు మెత్తగా అడిగితే, ఆయన్నీ ఎవరో నీళ్లలో వదిలేస్తేనే గదా అయ్యగారూ దొరికింది అన్నారట. ఇదీ నోటి సంగతి.

నాకు కుక్కలంటే పడదు. అందరూ బసవేశ్వరరావు గారూ అని మర్యాదగా పలకరించే వీధిలో నన్ను చూసి మొరిగేది అదొక్కటే. అందుకని, ఆ శనివారం సాయంత్రం గోడ అవతలి నుంచి అన్నయ్యా ఒకసారి రండి అని ఆవిడ పిలిస్తే, ఏదో పాము వచ్చిందనుకుని వెళ్లాను గానీ కుక్క కోసం కాదు.

మోషే వరండాలో పక్కకు పడి ఉంది. నాలుగు కాళ్లూ గాల్లో ఈదుతున్నట్టు కొట్టుకుంటున్నాయి. దవడలు టకటకా ఆడుతున్నాయి, నోటి వెంట నురగ, కింద తడి. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఆ కళ్లలో ఎవరూ లేరు. నేను పరుగున ఇంటికెళ్లి తాళాల గుత్తి పట్టుకొచ్చాను. తెచ్చాక గానీ తెలియలేదు, కుక్కకు ఏ కాలికి తాళాలు పట్టించాలో నాకు తెలియదని. ఆవిడ నా వంక చూడనైనా లేదు. తల కింద తువ్వాలు మడిచి పెట్టి, నోటి జోలికి పోకుండా, పక్కనున్న కుర్చీ లాగేసి కూర్చున్నారు. ఆసుపత్రిలో ఇలాంటివి ఎన్నో చూసిన చేతులవి. కాసేపటికి అది లేచి, గోడలకు కొట్టుకుంటూ తిరిగి, గిన్నెడు నీళ్లు తాగింది. అప్పుడు ఏడ్చారు ఆవిడ. ఏడుస్తూనే బిగుసుకుపోయిన దాని కాళ్లకు నూనె రాశారు.

మర్నాడే తెనాలి వెళ్దాం రమ్మన్నారు. కుక్కను బస్సు ఎక్కించుకోరు కాబట్టి ఆటో. తోడెవరు, నేను. అక్కడ కుక్కల డాక్టరు ప్రశాంతి గారు చిన్న వయసు పిల్ల, నిదానంగా మాట్లాడింది. టీకాలు వేయించారు కాబట్టి పిచ్చికుక్క వ్యాధి భయం పెట్టుకోవద్దంది. ఇంట్లో ఎలుకల మందు, పురుగుల మందు ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. అన్నం, గుడ్డు, మజ్జిగ తప్ప వాడికేం తెలీదమ్మా అన్నారీవిడ. అబద్ధం కాదు. ఆవిడ లెక్కలో నూనె మందు కాదు మరి, అది ప్రేమ. వానలకు పిడుదులు పట్టాయని కొద్ది వారాలుగా శనివారం శనివారం దానికి స్నానం చేయించి ఒళ్లంతా ఆ నూనె పట్టిస్తున్నారు. నేను రోజూ చూసేదే, నాకూ చెప్పాలని తోచలేదు. రక్తం బాగుందనీ, ఈసారి మూర్ఛ వస్తే ఫోన్‌లో వీడియో తీయమనీ, ఎంతకీ ఆగకపోతే తక్షణం తీసుకురమ్మనీ డాక్టరు చెప్పింది. మళ్లీ మళ్లీ వస్తుంటే జన్మంతా మాత్రలు వాడాల్సి రావచ్చట.

మళ్లీ వచ్చింది. ఈసారి ఎదురింటి జ్యోత్స్న చూసింది. ఆ పిల్ల భర్త బాపట్లలో కలెక్టరేట్ ఉద్యోగి, పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. పాకే వయసు పాపతో పగలంతా ఒంటరిగా ఉంటుంది. గేటు దగ్గర నిలబడి, నురగ కక్కుతున్న కుక్కను చూసి పాపను గుండెలకు అదుముకుంది. ఆ సాయంత్రానికే వీధంతా పిచ్చికుక్క మాట పాకింది. జ్యోత్స్న మర్యాదగానే వచ్చి అడిగింది.

“మీ మీద కోపం కాదండి పిన్నిగారూ. వాడు ఒంటి మీద తెలివి లేనప్పుడు ఇటొచ్చి పాపను కరిస్తే ఎవర్ని అడగాలండి? ఎక్కడికన్నా పంపించెయ్యండి.”

శోభారాణి గారు అనకూడని మాట అన్నారు. నీ బిడ్డకి జలుబు చేస్తే నా నూనె కావాలి గానీ నా బిడ్డ అక్కర్లేదా అన్నారు. జ్యోత్స్న ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. భర్త మున్సిపాలిటీ వాళ్లతో మాట్లాడాడనీ, బండి వస్తుందనీ కబురు తెలిసింది. ఆ బండి ఎక్కిన కుక్కలు ఏమవుతాయో ఎవరికీ తెలియదు. ఆవిడకు నిద్ర పట్టడం మానేసింది. వరండాలో దాని పక్కనే చాప వేసుకుని, దాని కాలు కదిలినా ఉలిక్కిపడి కూర్చునేవారు. గోడ ఇవతల నాకూ నిద్ర లేదు, కానీ ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టం లేక దోమలన్నాను.

చివరికి బాపట్లలో ఉన్న తమ్ముడు అంద్రెయ వచ్చి మోషేను తీసుకెళ్లాడు. విచిత్రం, అక్కడున్నన్నాళ్లూ దానికి ఒక్కసారి కూడా రాలేదు. మా వీధిలో తలొక సిద్ధాంతం లేచింది. ఇంట్లో గాలి మంచిది కాదని ఒకరు, నరదృష్టి అని ఒకరు. రైలు కూతకు నరాలు దెబ్బతింటాయని నేను. శోభారాణి గారు మాత్రం ప్రార్థన ఫలించిందన్నారు. ఇంతలో అంద్రెయ ఫోన్ చేసి, వీడు నా కోళ్లని బతకనివ్వట్లేదక్కా, ఇక నా వల్ల కాదన్నాడు.

అలా మోషే తిరిగొచ్చింది. ఇంకొక్కసారి వస్తే నేనే బండెక్కిస్తానని ఆవిడ జ్యోత్స్న గేటు దగ్గర నిలబడి అందరూ వినేలా మాటిచ్చారు. వచ్చిన రోజే, బాపట్ల దుమ్మంతా పోవాలని స్నానం చేయించారు. పిడుదులు మళ్లీ పట్టాయని నూనెలో కర్పూరం ఇంకొంచెం ఎక్కువేశారు. వీడియో తీయడం నేర్చుకుంటున్నాను కాబట్టి నేనదంతా తీశాను. ఆవిడ రుద్దుతున్నారు, అది తోక ఊపుతోంది. ఆవిడ వదలగానే మెరిసే కాళ్లను, పొట్టను, మళ్లీ ఆవిడ అరచేతులను శ్రద్ధగా నాకింది. చూడండన్నయ్యా ఎంత బెంగపెట్టుకున్నాడో అని నవ్వారు.

ఆ మధ్యాహ్నమే పడింది. ఈసారి ఆగలేదు. కాస్త తెరిపిస్తుంది, లేవబోతుంది, మళ్లీ పడుతుంది. ఒళ్లు కాలిపోతోంది. కొద్దిసేపు వీడియో తీసి ఫోన్ జేబులో పడేసి ఆటో కోసం పరుగెత్తాను. నా మోకాళ్లు నొప్పి సంగతి మర్చిపోయాయి. ఎదురు గేటులో జ్యోత్స్న నిలబడి ఉంది. శోభారాణి గారు దుప్పట్లో కుక్కను మోసుకుంటూ ఆ పిల్ల కళ్లలోకి చూడలేక తల దించుకుని ఆటో ఎక్కారు. మాటిచ్చిన మనిషి కదా.

భట్టిప్రోలు దాటాక రైల్వే గేటు పడింది. రైలు జాడ లేదు. ఆవిడ ఒళ్లో అది బిగుసుకుంటోంది. యేసయ్యా, యేసయ్యా అంటూ ఆవిడ సంచిలోంచి సీసా తీసి మళ్లీ దాని పాదాలకు రుద్దుతున్నారు. నేను దిగి గేటు మనిషిని ఊరికే తిట్టాను. పాపం అతనేం చేస్తాడు. భయమేస్తే నాకు కోపం వస్తుంది.

ప్రశాంతి గారు సూది వేశాక మెల్లగా కాళ్లు కొట్టుకోవడం ఆగింది. చచ్చిపోయాడనుకున్నాను. ఊపిరి ఆడుతోంది. డాక్టరు వాడి మీదకు వంగి, ముక్కు ఎగబీల్చి, ఈ వాసనేంటమ్మా అంది. నా ఫోన్ అడిగి తీసుకుంది. పొద్దున తీసిన నూనె రుద్దే వీడియో కూడా అందులోనే ఉంది. దాన్ని రెండుసార్లు చూసింది.

“ఇందులో కర్పూరం కలుపుతున్నారా అమ్మా?”

“కలుపుతానండి. చలవకి.”

“కర్పూరం లోపలికి పోతే కుక్కలకి ఫిట్స్ వస్తాయండి. ఒంటికి రాస్తే నాకుతుంది కదా. ఇదొక్కటే కారణమని ఇప్పుడే చెప్పలేను. కానీ ముందు ఒళ్లంతా కడిగేద్దాం, ఇక చుక్క కూడా రాయకండి.”

శోభారాణి గారు తన అరచేతులు చూసుకున్నారు. బాపట్లలో ఎందుకు రాలేదో నాకప్పుడు తెలిసింది. అంద్రెయ ఇంట్లో ఆ నూనె లేదు, వాడికి అంత ముద్దు చేసేవాళ్లూ లేరు. ఆవిడకూ అర్థమైంది. ఏడుస్తారనుకున్నాను. ఏడవకుండా, పసిపిల్లలకో అమ్మా అని అడిగారు. వాళ్లకీ ప్రమాదమే, అసలు రాయకూడదు అంది డాక్టరు.

ఆవిడ తన ఫోన్ తీసి జ్యోత్స్నకు చేశారు. పేరు చూసి కట్ చేసినట్టుంది. నా ఫోన్ లాక్కుని మళ్లీ చేశారు. బల్ల మీద మోషే ఇంకా తెలివిలోకి రాలేదు. వాడి వైపు వీపు తిప్పి గోడకు మొహం పెట్టి మాట్లాడారు.

“జ్యోత్స్నా, పెట్టెయ్యకమ్మా. పాపకి ఆ నూనె రాశావా?... మంచిది, రాయకు. అలమరలోంచి తీసెయ్. మోషేకి పిచ్చీ లేదు, ఏం లేదు. నా చేత్తో నేనే పెట్టానమ్మా వాడికిది.”

అవతల ఏమన్నదో నాకు వినపడలేదు. ఇంతకాలం వీధి మీద పోట్లాడిన మనిషి, గెలిచే మాట చేతికందిన రోజున దాన్ని తన నేరంగానే చెప్పుకుంది. నాకు ఆవిడ మీద అంతవరకూ జాలి ఉండేది. ఆ పూట గౌరవం కలిగింది.

మోషేని అక్కడే ఉంచి మేం తిరిగొచ్చాం. ఆవిడ ఇంట్లోకి పోకుండా ఇల్లిల్లూ తిరిగి సీసాలు వెనక్కి తీసుకున్నారు. ప్రతి గడపలోనూ అదే మాట, నా నూనె మంచిది కాదమ్మా ఇచ్చెయ్యండి. నా సీసా కూడా అడిగారు. మోకాళ్లకైతే పర్లేదేమో అన్నా వినలేదు.

వాడు ఇంటికొచ్చాడు. వారాలు గడిచినా మూర్ఛ మళ్లీ రాలేదు. డాక్టరు ఇంకా కొన్నాళ్లు గమనించాలంటోంది. గమనిస్తూనే ఉన్నాం. శనివారం సాయంత్రమైతే గోడకు అటూ ఇటూ మేమిద్దరం వాడినే చూస్తూ కూర్చుంటాం. వీధిలో బండి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. శోభారాణి గారు మాత్రం వాడికి అన్నం దూరం నుంచి పెట్టేవారు. వాడు చెయ్యి నాకబోతే వెనక్కి లాక్కుని కుళాయి దగ్గరికి పోయి మళ్లీ సబ్బుతో తోముకునేవారు.

మొన్న ఒక సాయంత్రం జ్యోత్స్న పాపను ఎత్తుకుని వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. మోషే మామూలుగా శోభారాణి గారి చేతి దగ్గరికి మూతి తెచ్చాడు. ఆవిడ మామూలుగా లాక్కున్నారు. జ్యోత్స్న ఆ చేతిని పట్టుకుని, తన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వాడి ముందు పెట్టింది.

“సబ్బు వాసనే వస్తోందండి పిన్నిగారూ. నాకనివ్వండి.”