డిల్వెన్ ఆంటీ దాటని గడప

మా ఊరి పబ్బుకి భోజనానికొచ్చే పైఊరివాళ్ళు డిల్వెన్ ఆంటీ చేతులు మాత్రమే చూసి వెళ్ళిపోతారు. వంటింటికీ ముందుగదికీ మధ్య గోడలో మూరెడు వెడల్పు కిటికీ ఒకటి ఉంది. పొగలు కక్కే పళ్ళేలు అందులోంచి ఇవతలికి వస్తాయి, తిన్నవి అవతలికి పోతాయి. మోచేతుల దాకా మడిచిన నీలం చొక్కా, పిండి అంటిన వేళ్ళు. వాళ్ళకి కనిపించేది అంతే.

'మూడు గొర్రెపిల్లలు' పబ్బుకి మూడొందల ఏళ్ళ పైనే ఉంటాయి. కొండల మీదుగా ఇంగ్లండు సంతలకి మందల్ని తోలుకుపోయేవాళ్ళు ఒకప్పుడు ఇక్కడ ఆగేవారు. వాళ్ళ గుర్రాల్ని కట్టేసిన కొట్టమే ఇప్పుడు వంటిల్లు. కొట్టానికీ ముందుగదికీ మధ్య నల్లరాతి గడప ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇక్కడ వంట చేస్తూ కూడా ఆంటీ ఆ గడప ఒక్కసారీ దాటలేదు. పెరటి తలుపులోంచి వచ్చేది, పెరటి తలుపులోంచే పోయేది.

పద్నాలుగో ఏట, మా ఊళ్ళో ప్రార్థనలు జరిగే చాపెల్లో అమ్మ పక్కన నిలబడి, జన్మలో తాగుడు కొట్టు లోపల కాలు పెట్టనని ఒట్ల పుస్తకంలో సంతకం చేసిందట. పదకొండేళ్ళ తమ్ముడు టెగ్విన్ కూడా ఆ రోజే చేశాడు. ఆయన మాట ఏడేళ్ళు నిలిచింది. పద్దెనిమిది నిండిన సాయంత్రమే వచ్చి ఇక్కడ చలిమంట పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇంకో పదేళ్ళకి, తల్లి పోయిందన్న కబురు వచ్చినప్పుడూ ఆ కుర్చీలోనే ఉన్నాడు. అక్క ఆయనతో మాట్లాడటం ఆ రోజే ఆపేసింది.

తరవాత వెన్న తీసే ఫ్యాక్టరీ మూతపడి ఆంటీకి పని పోయింది. ఊళ్ళో మిగిలిన పని ఈ వంటింట్లోనే ఉంది. చాపెల్ పెద్దని అడిగింది. ఆయన రెండు రోజులు ఆలోచించి, అది గుర్రాల కొట్టం కదా, గుర్రాలు తాగవు కదా, గడపకి కొట్టం వైపే ఉన్నంతవరకూ తప్పులేదు అన్నాడు. ఊరంతా నవ్వింది. ఆంటీ నవ్వలేదు. మర్నాడు ఏప్రన్ కట్టుకుని పనిలో చేరింది.

అలా అక్క కొట్టంలో, తమ్ముడు కుర్చీలో కుదురుకున్నారు. మాటలు లేవుగానీ దెప్పిపొడుపులకి కొదవ లేదు. పబ్బు నడిపే బెర్విన్ మధ్యలో నిలబడి వాటిని అటూ ఇటూ మోసేవాడు. మీ వంటావిడ ఉప్పు డబ్బాని దాచుకుందా అని అడగమనేవాడు టెగ్విన్ అంకుల్. నాలుక మొద్దుబారినవాళ్ళకి ఉప్పు ఎంత వేసినా దండగని చెప్పమనేది ఆంటీ. మాకు అది భోజనంలో ఒక వంటకం లాంటిది.

ఆంటీకి తమ్ముడి సంగతులన్నీ పళ్ళెమే చెప్పేది. గ్రేవీని రొట్టెతో తుడిచి పంపితే గొర్రెలకి మంచి ధర వచ్చినట్టు. మాంసం కొవ్వు అంచున వదిలితే పన్ను నొప్పి. బఠాణీలు చెదిరి ఉంటే ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టు. నేను కాలేజీలో నాలుగేళ్ళు జీవశాస్త్రం చదివి, ఏళ్ళ తరబడి నీళ్ళ నమూనాలు పరీక్షించాను. ఆవిడంత శ్రద్ధగా దేన్నీ చూడలేదు.

నేను బుధవారాలు వెళ్ళడానికి కారణం మా పాప మాబ్లి. దానికప్పుడు పది నెలలు. కొత్తగా ముద్దలు తింటోంది. ఏ ముద్ద గొంతుకి అడ్డం పడుతుందోనని నాకు ప్రాణం కుదురుగా ఉండేది కాదు. బఠాణీని నాలుగు ముక్కలు చేసేదాన్ని. మింగాక ఊపిరి లెక్కపెట్టేదాన్ని. ఆంటీ దానికోసం ఉప్పు వేయకుండా కొంచెం పచ్చదుంప, మా వైపు పండే పసుపురంగు దుంప, మెత్తగా ఉడికించి మెదిపి ఉంచేది. కిటికీలోంచి గిన్నె అందిస్తూ, "తినేది అది, అరిగించుకోలేనిది నువ్వు" అనేది.

ఆ బుధవారం మార్చి నెల, బయట వడగళ్ళు. పొద్దున మాబ్లి రెండుసార్లు తుమ్మింది. అందుకు నేను అప్పటికే మూడుసార్లు దాని నుదురు తాకి చూశాను. ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గరే కూర్చున్నాం, కిటికీకి దగ్గరగా, టెగ్విన్ అంకుల్‌కి ఎడమ పక్కన. నేను వచ్చేసరికి ఆయన చారు ముగించి పళ్ళెం కోసం చూస్తున్నాడు. మాబ్లి కనిపిస్తే చెంచాతో గ్లాసు మీద టింగుమనిపించడం ఆయన అలవాటు. అది ఎదురు చూస్తుంది. ఆ రోజు టింగుమనలేదు. పిల్ల అరిచింది, బల్ల చరిచింది. ఆయన తల తిప్పలేదు.

పోయిన వారం దీని ఏడుపుకి విసుక్కున్నాడేమో, ఇక బల్ల మార్చుకోవాలేమో అని నాలో నేనే నలిగిపోతూ కూర్చున్నాను. ఆయన మీద కొంచెం కోపం కూడా వచ్చింది. పసిపిల్ల పిలుస్తుంటే పలకని మనిషి ఏం మనిషి అనుకున్నాను.

కాసేపటికి ఆయన బెర్విన్‌ని కేకేసి పళ్ళెం తీసుకుపొమ్మన్నాడు. మీ వంటావిడ చెయ్యి బిగుసుకుపోయింది, ఇవాళ సగం భోజనమే పెట్టింది, మిగతా సగం ఎక్కడ దాచిందో కనుక్కో అన్నాడు. బార్ దగ్గరున్న ఇద్దరు నవ్వారు. బెర్విన్ నవ్వుతూనే పళ్ళెం తెచ్చి కిటికీలో పెట్టి, ఆ మాట ఆంటీకి అప్పజెప్పాడు. నేనూ నవ్వాను. రోజూ జరిగేదే కదా.

గిన్నె వెచ్చబెట్టించుకోవడానికి నేను అప్పుడే కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆంటీ పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పచ్చదుంప వదిలేశాడు" అంది. "మూడేళ్ళ పిల్లాడప్పటినించీ వాడు పచ్చదుంప వదిలింది లేదు."

పళ్ళెంలో కుడి సగం ఖాళీ. మాంసం లేదు, బఠాణీ లేదు, గ్రేవీ కూడా తుడిచి ఉంది. ఎడమ సగంలో పచ్చదుంప గుజ్జు, వేయించిన ఆలూ ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి. రెంటి మధ్యా స్కేలు పెట్టి గీసినట్టు గీత.

కాలేజీలో ఒక పాఠంలో చూపించిన బొమ్మ గుర్తొచ్చింది. మెదడు కుడివైపు దెబ్బతిన్న ఒక రోగిని గడియారం బొమ్మ వెయ్యమంటే, పన్నెండు అంకెలూ కుడి పక్కనే కుక్కేశాడు. ఎడమ పక్క అనేదే అతనికి లేదు. పిల్ల కూర్చున్నదీ ఎడమ పక్కనే.

మాబ్లిని బెర్విన్ చేతుల్లో పెట్టి టెగ్విన్ అంకుల్ ముందు వంగాను. రెండు చేతులూ ముందుకి చాపమన్నాను. కుడి చెయ్యి చాపాడు. ఎడమ చెయ్యి తొడ మీదే పడి ఉంది. రెండోది కూడా అన్నాను.

"రెండూ చాపాను కదమ్మా, కళ్ళు కనబడవా?" అన్నాడు.

బెర్విన్ తన భార్యని పిలిచి పిల్లని అందించి ఆంబులెన్సుకి ఫోన్ చేశాడు. అవతలి వాళ్ళు కుర్చీలోంచి కదలనివ్వద్దన్నారు, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వద్దన్నారు. తరవాత, చివరిసారి ఆయన బాగా ఉన్నది ఎప్పుడని అడిగారు. మెదడులో రక్తపు గడ్డని కరిగించే మందు ఇవ్వచ్చో లేదో ఆ టైమును బట్టి ఉంటుంది. బెర్విన్ నా వైపు చూశాడు. నేను బార్ వైపు చూశాను. ఆయన ఎప్పుడొచ్చాడో, ఎప్పటినించి అలా ఉన్నాడో ఎవరికీ తెలీదు. రోజూ ఉండే మనిషిని ఎవరు గమనిస్తారు?

"పన్నెండూ పదికి బాగానే ఉన్నాడు." కిటికీలోంచి ఆంటీ గొంతు. "చారు గిన్నె అప్పుడొచ్చింది. గుండ్రంగా చుట్టూ తుడిచి ఉంది, అంచుతో సహా. ఇదిగో, ఇంకా కడగలేదు. పళ్ళెం పన్నెండూ ఇరవైకి పంపాను. ఏం జరిగినా చారు తాగిన తరవాతే."

బెర్విన్ ఆ మాటే ఫోన్‌లో చెప్పాడు. గడియారం చూశాను. పన్నెండూ నలభై ఏడు. వ్యాను పక్క లోయలోంచి బయల్దేరిందన్నారు.

ఈలోగా టెగ్విన్ అంకుల్ కుడిచేత్తో బీరు గ్లాసు అందుకున్నాడు. మింగుడు సరిగ్గా లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏ ముద్దని తలుచుకుని నేను ఇన్నాళ్ళుగా వణుకుతున్నానో ఆ భయమే. గ్లాసు పట్టుకుని వద్దన్నాను. ఆయన నా చెయ్యి విదిలించాడు. బెర్విన్ బతిమాలాడు. నాకేం రోగం, సగం భోజనం పెట్టినావిడని తీసుకుపోండి ఆస్పత్రికి అని ఆయన గద్దించాడు. మాట కొంచెం జారుతోంది. గ్లాసు పెదవి దాకా వెళ్ళింది.

వంటింటి తలుపు ఇటువైపు తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కీళ్ళు బిగుసుకుపోయి ఉన్నట్టున్నాయి, ఆంటీ భుజంతో తోసింది. గడప దగ్గర ఒక్క క్షణం కిందకి చూసుకుంది, చెప్పులు విడిచి లోపలికి వస్తుందేమో అన్నట్టు. తరవాత దాటేసింది. నేరుగా తమ్ముడి కుడి పక్కకి వెళ్ళి గ్లాసు మీద చెయ్యి వేసింది.

ఆయన ఆ పిండి వేళ్ళని చూశాడు. మెల్లగా మొహం దాకా చూపు ఎత్తాడు.

"తాగుడు కొట్లోకి వచ్చావేంటి" అన్నాడు. "అమ్మ ఏమంటుంది?"

"అమ్మకి నేను చెప్పుకుంటాను. నువ్వు గ్లాసు వదులు."

నలభై ఏళ్ళ తరవాత ఆంటీ తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన గ్లాసు వదిలేశాడు.

వ్యాను వచ్చేదాకా ఆంటీ ఆయన ముందు స్టూలు మీద కూర్చుని చెయ్యి పట్టుకునే ఉంది. నేను ఒకసారి గడియారాన్నీ, ఒకసారి తలుపునీ, ఒకసారి పిల్లనీ చూస్తూ గదంతా తిరిగాను. ఆంటీ తల ఎత్తకుండానే, "కూర్చో తల్లీ, నువ్వు నడిస్తే అది తొందరగా రాదు" అంది. కూర్చోలేకపోయాను. వాళ్ళు వచ్చాక ఆంటీ ఏప్రన్‌తోనే వ్యానెక్కింది. తుడిచిన చారు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉంది. డాక్టరుకి చూపిస్తుందట.

మందు టైముకి పడింది. మాట తేరుకుంది, ఎడమ కాలు నెమ్మదిగా కుదురుకుంది. ఎడమ పక్క మాత్రం ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి ఆంటీకి చెప్పిందట, ఇకనించి ఎవరు మాట్లాడినా ఎడమవైపు కూర్చుని మాట్లాడండి, తల తిప్పి వెతుక్కోవాలి, అదే వైద్యం అని.

ఆంటీ చాపెల్‌కి వెళ్ళి తన సంతకం కొట్టేయమని అడిగింది. పాత పెద్ద ఎప్పుడో పోయాడు. కొత్తాయన ఆ పుస్తకం ఎక్కడుందో తనకి తెలీదన్నాడు. అయితే దొరికినప్పుడు కొట్టేయండి అని చెప్పి వచ్చేసింది.

ఏడు వారాల తరవాత ఒక బుధవారం ఆయన కర్ర పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. బెర్విన్ పళ్ళెం పెట్టాడు. నేను మాబ్లికి దుంప మెదుపుతున్నానుగానీ నా చూపంతా ఆ పళ్ళెం మీదే ఉంది. కుడి సగం అయిపోయింది. ఫోర్కు ఆగింది.

వంటింటి తలుపు తెరుచుకుంది, ఈసారి భుజం అవసరం లేకుండానే. ఆంటీ తన పళ్ళెమూ టీ కప్పూ తెచ్చుకుని ఆయన ఎడమ పక్కన కూర్చుంది. మాబ్లి చెంచాతో గిన్నె మీద టింగుమనిపించింది.

టెగ్విన్ అంకుల్ తల కదిలింది. చలిమంట దాటింది, గ్లాసు దాటింది, పిల్ల దగ్గర కొంచెం ఆగింది, ఇంకొంచెం తిరిగి ఆంటీ దగ్గర నిలిచింది.

"ఇక్కడున్నావా" అన్నాడు.

"ఎప్పట్నించో ఉన్నాను. పచ్చదుంప చల్లారిపోతోంది, తిను."