టికెట్టు లేని మొక్కలు

బస్సు కండక్టరుగా ఆయన రిటైరయ్యాడు గానీ ఆయన నోరు రిటైరవలేదు. వీధి గేటు మూసినా "రైట్ రైట్" అంటాడు, పాలు పొంగబోతే "హోల్డాన్" అంటాడు. వీధిలో అందరికీ ఆయన రైట్‌రైట్ మామయ్య.

అక్క కాలు విరిగిందని భార్య బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"పెరట్లో కలుపు తీస్తుండు. ఏది ఎండినా పర్లేదు, నా మిల్లు మొక్క మాత్రం బతకాలి."

"ఊ," అన్నాడు రైట్‌రైట్, పేపరు వెనక నుంచి.

ఆటో మలుపు తిరిగాక గానీ ఆయనకి అనుమానం రాలేదు. ఇంతకీ మిల్లు మొక్క ఏది?

ఆమె సగం జీవితం నూలు మిల్లులో దారం చుట్టింది. యజమానులు చెప్పాపెట్టకుండా తాళం వేసినప్పుడు ఆడవాళ్ళంతా గేటు ముందు ఎండలో బైఠాయించారు. తాళం తెరుచుకోలేదు. లేచి వచ్చేస్తూ ఆమె గేటు పక్క పొద నుంచి ఒక కొమ్మ విరిచి తెచ్చుకుంది. ఇప్పుడక్కడ అద్దాల మేడలున్నాయి. ఇల్లు మారినప్పుడల్లా ఆమె ఒక కొమ్మ కోసుకుని కొత్త పెరట్లో నాటుకునేది. అంత పోరాటానికీ ఆమె చేతిలో మిగిలింది అదే. ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పింది, మొక్కనూ చూపించింది. ఆయన ప్రతిసారీ "ఊ" అన్నాడు. మన ఇళ్ళల్లో మగవాడి "ఊ" కింద ఆడవాళ్ళ కథలు ఎన్ని పూడిపోయాయో ఎవరు తవ్వి తీస్తారు?

ఈ ఇంటికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. పెరడంతా ఏవేవో పచ్చగా ఉన్నాయి. ఫోన్ చేసి అడుగుదామంటే పరువు అడ్డొచ్చింది.

పక్కింటి మందుల షాపతను సెల్లు తెచ్చాడు. "ఫొటో తీస్తే చాలు మామయ్యా, పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది."

సెల్లు ఒకే మొక్కని ఒకసారి వంగ అంది, ఒకసారి చామంతి అంది. ఫొటోలో పడ్డ రైట్‌రైట్ చెప్పుని పుట్టగొడుగని తేల్చింది.

"దీనికంటే నా సర్వీసు నయం," అని ఆయన పంచె ఎగగట్టాడు.

టికెట్టు లేనివాణ్ణి ఆయన మొహం చూసి పట్టేవాడు. కొన్నవాడు దర్జాగా నిలబడతాడు, కొననివాడు మూలకి నక్కుతాడు. పెరట్లోనూ అదే తనిఖీ పెట్టాడు. తుంగ నేలకి కరుచుకుని కనపడింది. పీకేశాడు. అడుగున గడ్డ ఉంటుందని తెలియదాయె, నాలుగు రోజులకే మళ్ళీ తలెత్తింది.

"ముందు డోరులో దించితే వెనక డోరులో ఎక్కుతున్నావా!"

గోడవార ఆకన్నది లేని ఎండుపుల్ల ఒకటి బిక్కుబిక్కుమంటూ నిలబడింది. దాన్నీ దించేశాడు. నడిమధ్యన మాత్రం నడుమెత్తు పొద ఒకటి బుల్లి తెల్లపూలతో రాజసంగా ఊగుతోంది. మిల్లు మొక్క అంటే ఇదే!

ఇక దానికి నీళ్ళేమిటి, ఎరువేమిటి! గాలికి వాలుతోందని, పీకిన ఎండుపుల్లనే ఊతంగా పక్కన పాతి, తన పాత కండక్టరు బ్యాగు పట్టీతో కట్టాడు. చేతులనిండా దద్దుర్లు లేచాయి. దోమల్ని తిట్టుకుని కొబ్బరినూనె రాసుకున్నాడు.

భార్య ఫోన్ చేసింది. "నా మొక్కెలా ఉంది?"

"నిన్ను మించిపోయేలా ఉంది. ఒళ్ళంతా పూలే!"

"అలాగా. నన్నేమైనా అడగాలా?"

"నాకేం అనుమానాలు? అంతా రైట్."

అక్క లేచి నడిచాక ఆమె తిరిగొచ్చి, సంచి కింద పెట్టి, నేరుగా పెరట్లోకి వెళ్ళింది. పొదనీ, పట్టీనీ, మొగుడి చేతుల్నీ చూసింది.

"ఏమయ్యా, నువ్వు ముద్దుచేసి పెంచింది వయ్యారిభామని. రోడ్డుపక్కన జనం మొహానికి గుడ్డ కట్టుకుని పీకే కలుపది. ఆ దద్దుర్లు దాని చలవే."

"మరి... మిల్లు మొక్క?"

"గోడవార గన్నేరు కొమ్మ నాటి వెళ్ళాను. ఏదీ?"

ఆయన టికెట్టు కొన్న మనిషిని దారి మధ్యలో దించేశాడన్నమాట.

"అదేదో నాకు తెలీదే. ఎప్పుడూ తెలీదు. నువ్వు చెప్తుంటే నేను వినలేదు."

"తెలుసు. ఒళ్ళంతా పూలన్నప్పుడే తెలిసింది. అడుగుతావేమోనని చూశా."

ఆయన చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని వయ్యారిభామని వేళ్ళతో సహా లాగేశాడు. పట్టీ విప్పాడు. ఎండుపుల్లనీ ఊడబీకి గోడవతలికి విసరబోయాడు.

"హోల్డాన్!"

వీధి వీధంతా వినపడేలా అరిచింది భార్య. పుల్ల కణుపు దగ్గర బియ్యపు గింజంత చిగురు ఉంది.

ఇద్దరూ కలిసి దాన్ని మళ్ళీ గోడవార నాటారు. ఆమె గట్టు మీద కూర్చుని మొదలుపెట్టింది, గేటు దగ్గర్నుంచీ, ఎండ దగ్గర్నుంచీ.

"ఊ," అన్నాడాయన.

"ఊ కాదు. నేనేం చెప్పానో చెప్పు."

"మీరంతా గేటు ముందు కూర్చున్నారు..."

"అందరికంటే ముందు కూర్చున్నదెవరు?"

రైట్‌రైట్ మోచెయ్యి గోక్కున్నాడు, పొద్దున్నించీ విప్పని పేపరు వైపు ఒకసారి చూశాడు.

"అది మళ్ళీ చెప్పవే," అన్నాడు.