బావ టగ్గుకి కొన్న రిమోటు

మొన్న మా అపార్టుమెంట్లో కింది ఫ్లాటాయన ఫోను పట్టుకుని పైకొచ్చాడు. బ్యాంకులో రిటైరయ్యాక ఆయనకి పడవ బొమ్మల పిచ్చి పట్టింది. షోకేసులో పెట్టుకునే బొమ్మలు కావు, మోటారు పెట్టి నీళ్ల మీద వదిలి, ఒడ్డున నిలబడి రిమోటుతో నడిపేవి. రెండు రిమోట్ల ఫొటోలు చూపించి, వీటిలో ఏది తీసుకోమంటారని అడిగాడు. నాకు అందులో ప్రవేశం ఉందని మా వాచ్‌మన్ చెప్పాడట. మా వాచ్‌మన్‌కి తెలియని రహస్యం ఈ వీధిలో లేదు. నేను ఫొటోల వంక చూడకుండానే, "మీరు ఏ చేత్తో రాస్తారు? ఆ చేతికి నొప్పులూ అవీ ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను. ఆయన నన్ను అదోలా చూశాడు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నాలుగు ముక్కల్లో తేల్చి పంపించాను గానీ, ఆయన వెళ్లాక సాయంత్రమంతా నాకు మా బావే కళ్ల ముందు మెదిలాడు. రిమోటు ఎంచుకోవడం అంత కష్టమైన పనా అంటే, కాదు. నేనే దాన్ని కష్టం చేశాను.

బావ అంటే మా అక్క భర్త. యారాడలో సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబంలో పుట్టి, పోర్టులో టగ్గు నడిపే సరంగుగా రిటైరయ్యాడు. సముద్రం మీంచి వచ్చే పెద్ద ఓడలు రేవులో తమంతట తాము ఒదిగి నిలబడలేవు. టగ్గులనే ఈ పొట్టి మొండి పడవలు వాటి పక్కన మూతి ఆనించి, నెమ్మదిగా నెట్టి గట్టుకి చేరుస్తాయి. అక్క పెళ్లినాటికి నేను స్టీలు ప్లాంటులో క్రేను ఆపరేటరుగా చేరి ఏడాది అయింది. మా వైపు బావమరిదిని కూడా బావా అనే పిలుస్తారు కాబట్టి మేమిద్దరం ఒకరికొకరం బావలమే. కలిస్తే ఒకటే వాదన, ఆయన నెట్టిన ఓడ గొప్పా, నేనెత్తిన ఉక్కు గొప్పా అని. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ, "మీరు మోసిన బరువులు సాలు గాని, ముందు ఆ గ్యాసు బండ లోపలెట్టండి ఎవలైనా" అనేది. అప్పుడు మాత్రం ఇద్దరం నడుం పట్టేసిందనేవాళ్లం.

రిటైరయ్యాక ఆయన, తను చివరి పదేళ్లూ నడిపిన టగ్గుకి నమూనా తయారుచేయడం మొదలుపెట్టాడు. రెండు మూరల పొడవు, టేకు చెక్క. టగ్గు చుట్టూ వేలాడే టైర్ల కోసం పూర్ణా మార్కెట్ సందుల్లో సరైన సైజు రబ్బరు వాషర్లు దొరికేదాకా నన్ను మూడుసార్లు తిప్పాడు. చివరికి దొరికితే, అవి మరీ కొత్తగా మెరుస్తున్నాయని ఇంటికొచ్చి గరుకు కాగితంతో రుద్దాడు. రంగు వాసనతో ఇల్లంతా నెలల తరబడి తలనొప్పి. మోటారు బిగించాడు, చుక్కాని బిగించాడు, ఇక రిమోటు ఒక్కటే కొనాలి. అంతలో ఒక ఉదయం పళ్లు తోముకుంటూ కుప్పకూలాడు. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది. కొన్నాళ్లకి కర్ర ఊతంతో నడక వచ్చింది, మాట కూడా ముద్దముద్దగా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. టగ్గు బీరువా మీదికెక్కింది, దాని మీద అక్క పాత చీర కప్పింది. ఎనిమిది నెలలు ఆయన కుర్చీలో కూర్చుని గోడ చూస్తూ గడిపాడు. ఒకరోజు అక్క నాకు ఫోను చేసింది. "ఆ పడవ నీల్లలో ఎయ్యాలంతన్నాడురా తమ్ముడూ. ఒక్కసారి తనే నడపాలంట. ఇన్నాల్లకి నోరిప్పి కావాలని అడిగింది ఇదొక్కటే. నువ్వెల్లి ఆ రిమోటేదో తే" అంది. ఆమె గొంతు విన్నాక నేను మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు.

డాబా గార్డెన్స్ దగ్గర ఒక మేడ మీద అలాంటి సామాను అమ్మే షాపు ఉంది. షాపాయన టీవీ మెకానిక్కుగా మొదలై బొమ్మ విమానాల దాకా ఎదిగిన మనిషి. ఆయన నా ముందు రెండు రకాలు పెట్టాడు. ఒకటి తుపాకీలా ఉంటుంది. ఎడమచేత్తో పిడి పట్టుకుని, చూపుడువేలితో మీట నొక్కితే పడవ కదులుతుంది. పక్కనున్న చిన్న చక్రాన్ని కుడిచేత్తో తిప్పితే చుక్కాని తిరుగుతుంది. రెండోది వెడల్పాటి పెట్టె, దాని మీద రెండు పుల్లలు. నేను తుపాకీ రకం తీసుకుని మీట నొక్కి వదిలాను. టక్కున వెనక్కొచ్చింది. పుల్లల రకంలో ఎడమ పుల్లని ముందుకి తోసి వదిలాను. తోసిన చోటే ఉండిపోయింది. వెంటనే దాన్ని బల్ల మీద పెట్టేశాను. స్టీలు ప్లాంటులో చివరి కొన్నేళ్లూ నేను క్రేను కింద నిలబడి, నడుముకి కట్టుకున్న రిమోటు పెట్టెతోనే పనిచేశాను. చెయ్యి వదిలితే క్రేను ఆగాలి, అది మాకు వేదం. ఆపరేటరుకి కళ్లు తిరిగినా, కాలు జారినా, ఆ బరువు ఇంకొకరి నెత్తిమీదికి పోకూడదు. అందుకని తుపాకీ రకమే ప్యాక్ చెయ్యమన్నాను. "నడిపేది ఎవులండి?" అని షాపాయన ఒక్క మాట అడిగాడు. నేను గొప్పగా, "టగ్గు సరంగు. ఆయనకి మనం నేర్పక్కర్లేదు" అన్నాను. ఆ ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

బావ దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతిని ఒళ్లోంచి లేపి చక్రం మీద పెట్టుకోవడానికి చూశాడు. అది జారిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. నేను పక్కనే కూర్చుని చూస్తూ కూడా చూడలేదు. నా కళ్లకి ఇంకా ఆ పాత చెయ్యే కనబడుతోంది, ఓడల్ని నెట్టిన చెయ్యి. "అలవాటైపోద్ది బావా. సేతికి ఎక్సర్‌సైజు కూడాను" అన్నాను. ఆయన మీట నొక్కి వదిలి, "సెయ్యి ఒగ్గితే ఆగిపోతాదేటి?" అని అడిగాడు. ఆగిపోతుంది, అదే దాని గొప్ప అన్నాను. "టగ్గు అలాగ ఆగకూడదు బావా" అన్నాడు. ఇక నేనందుకున్నాను, సేఫ్టీ గురించి నా పాత పాఠాలన్నీ అప్పజెప్పాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన వాదించలేదు, అంతసేపు మాట్లాడే ఓపిక ఆయనకి లేదు. ఆ తరవాత ప్రతి ఆదివారం ఫోను చేసి, చెయ్యి అలవాటైందా అని అడిగేవాణ్ణి. "అవుతంది" అనేవాడు. పట్టు దొరికాక భీమిలి పోయి నీళ్లలో వదులుదాం, తొందరేముంది అనేవాణ్ణి. అలా ఆరు వారాలు గడిచాయి.

ఆరో వారం ఏదో పని మీద అటు వెళ్లి, చెప్పకుండా వాళ్లింటికి పోయాను. వరండాలో బావ కుర్చీలో ఉన్నాడు. ఆయన కుడి అరచేతిని రిమోటు చక్రానికి ఆనించి, తువ్వాలుతో చుట్టి కట్టి ఉంది. మోచేతిని భుజం దగ్గర్నుంచి ఊపుతూ ఆ చక్రాన్ని కదిలించాలని చూస్తున్నాడు. చెమటతో బనీను తడిసిపోయింది. నన్ను చూడగానే, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా తల దించుకున్నాడు. అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "రోజూ నానే కడతన్నాను. నువ్వంత ప్రేమగా తెచ్చినావు, వద్దంటే బాధపడతావని. ఎవలికీ సెప్పొద్దన్నాడు" అంది. నా జీవితంలో అంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు. జబ్బు మనిషి, నా మనసు నొచ్చుకోకూడదని తన చేతిని తువ్వాలుతో కట్టించుకున్నాడు. వరండాలోకొచ్చి ఆ ముడి నేనే విప్పాను. "తప్పు నాదే బావా" అన్నాను. ఆయన ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పాడు. "ఓడని ఒత్తినప్పుడు గంట పట్టొచ్చు. నాను సెయ్యి తీసి మొకం తుడుసుకుంతాను, టీ తాగుతాను. టగ్గు మాత్రం ఒత్తుతానే ఉండాల. ఇప్పుడు నా సెయ్యి ఊరికినే అలిసిపోతంది. అలిసినప్పుడల్లా పడవ ఆగిపోతే, అందరికీ తెలిసిపోద్ది బావా."

మర్నాడు ఆయన్ని కార్లో కూర్చోబెట్టుకుని షాపుకి వెళ్లాను. మేడ మెట్లు ఎక్కలేడని షాపాయనే నాలుగు రిమోట్లు ట్రేలో పెట్టుకుని, టీ కప్పులు తెచ్చినట్టు కిందికి తెచ్చాడు. బావ ఒక్కొక్కటీ ఒళ్లో పెట్టుకుని ఎడమ బొటనవేలితో చూశాడు. పుల్ల తోసేవాడు, వేలు తీసేవాడు, కళ్లు మూసుకునేవాడు, మళ్లీ వేలితో తడిమి అది ఎక్కడుందో చూసేవాడు. మూడోదాన్ని వదల్లేదు. షాపాయన కారు తలుపు దగ్గర చతికిలబడి, "ఇది ఇమానాలోల్ల కోసం సేసిందండి. ముందుకి తోత్తే స్పీడు, ఎనక్కి లాగితే రివర్సు, పెట్టిన సోటే ఉంతాది. పక్కలకి తోత్తే సుక్కాని, అది మాత్రం ఒగ్గితే నడుమకొచ్చేత్తాది. ఎడమ పుల్ల ఒక్కదానితోనే అన్నీ అయిపోయేలా కలిపిత్తాను. కుడి పుల్ల అసలు ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. తరవాత నా మొహం చూసి, రిమోటు నుంచి సిగ్నలు తెగిపోతే మోటారు దానంతటదే ఆగేలా కూడా పెడతానన్నాడు. అది నాకోసం. ఇంటికొచ్చాక నా పాత క్రేను బెల్టు వెతికి, అక్క చేత కత్తిరించి కుట్టించి, రిమోటుని ఆయన మెడలో వేలాడేలా చేశాను. ఇక దాన్ని మోయడానికి రెండో చెయ్యి అక్కర్లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే భీమిలి వెళ్లాం. నది సముద్రంలో కలిసేచోట ఇసుకమేట వెనక నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. అక్క టగ్గు ముక్కుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అలాగే రిమోటుకి కూడా ఒక బొట్టు పెట్టింది. యారాడలో కొత్త పడవ దించేటప్పుడు చెప్పులతో నీళ్ల దగ్గరికి వెళ్లరు. బావ కర్ర మీద ఒరిగి, ఒక్కో చెప్పూ కాలితోనే ఊడదీసుకున్నాడు. సాయం పట్టబోతే వద్దన్నాడు. ఆయన మేం తెచ్చిన కుర్చీలో కూర్చుని కర్ర పక్కన పెట్టాక, నేను టగ్గుని నీళ్లలో వదిలాను. కొంచెం తూగి, నిలదొక్కుకుని, ముందుకి పోయింది. ఒడ్డుకి దగ్గరగా ఒక తెప్ప తాడు వదులుగా కట్టేసి ఉంది. బావ టగ్గుని చుట్టూ తిప్పి, వేగం తగ్గించి, దాని పక్కన మూతి ఆనించాడు. "ఒత్తాల. గుద్దకూడదు" అన్నాడు, ఎవరితోనో మరి. పుల్లని ఇంకాస్త ముందుకి తోశాడు. కాసేపటికి ఆయన బొటనవేలు వణకడం మొదలైంది. అప్పుడు చెయ్యి తీసేశాడు. భుజం మీది తువ్వాలు తీసుకుని, నింపాదిగా నుదురు తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. అక్కడ టగ్గు ఒత్తుతూనే ఉంది. దానికి పదింతలున్న తెప్ప అంగుళం అంగుళంగా కదిలి ఇసుకకి ఆనింది. అవతల వల బాగుచేసుకుంటున్న ముసలాయన లేచి నిలబడి, "ఎవులయ్యా ఆ నడిపేది? పోర్టులో పనిసేసినోడేటి?" అని అడిగాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "సరంగు" అన్నాడు బావ, ఆ ఒక్క మాటా ఎక్కడా తడబడకుండా.

ఆ తరవాత ఇంకో నాలుగు ఆదివారాలు భీమిలి వెళ్లాం. అయిదో వారం మధ్యలో ఆయనకి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఇంటికి తిరిగి రాలేదు. మొదటి ఆదివారంతో కలిపి మొత్తం అయిదు. నేను మొండికేసి కూర్చున్న ఆ వారాల్లో ఆరు ఆదివారాలున్నాయి. ఒక షిఫ్టు పోతే ఇంకో షిఫ్టు వస్తుందన్న ధీమాతో ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి, ఆదివారాలు కూడా అలాగే వస్తూ ఉంటాయనుకున్నాను.