ఆదివారం చెప్పలేకపోయిన మాట

మొన్న మణికొండలో పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, కౌంటరులోని అమ్మాయి కంప్యూటర్లో ఏదో వెతికి వెతికి విసుక్కుని, చూడండి మేడం అంటూ తెరను నా వైపు తిప్పింది. "క్షమించండి, మీరు వెతికిన పుట ఇక్కడ లేదు" అని ఉంది. ఆ వాక్యం నాది. పదిహేనేళ్ల కిందట, మాదాపూర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో, పేజీ అనాలా పుట అనాలా అని నలుగురితో గంటసేపు వాదించి మరీ రాసిన వాక్యం. చూసి మురిసిపోవాల్సింది, మురిసిపోలేకపోయాను. ఈ డాక్టరు ఇంకా మా పాత సాఫ్ట్‌వేరే వాడుతున్నాడా, దాని మంచిచెడ్డలు ఎవరైనా చూస్తున్నారా అన్న భయమే ముందు పుట్టింది. ఆ భయం నాలో ఎక్కడినుంచి వచ్చిందో ఇన్నేళ్లలో మావాళ్లకు తప్ప ఎవరికీ వివరంగా చెప్పలేదు.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టుకోవడమంటే చిన్నవాళ్లకు అందే పని కాదు. అలాంటి చిన్న పత్రికలు, బడులు, దవాఖానలు ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేరు ఒకటి ఉండేది. దానికి యజమాని లేడు. రకరకాల దేశాల్లో, ఉద్యోగాలు చేసుకుంటూనే తీరిక దొరికినప్పుడల్లా దాన్ని బాగుచేసే మాలాంటివాళ్లే దానికి దిక్కు. హైదరాబాదులో మేము ఐదుగురం. మాలో ఒకరి ఆఫీసువాళ్లు శనివారాలు ఒక గది వాడుకోనిస్తే, పొద్దున తొమ్మిదికల్లా అక్కడ చేరేవాళ్లం. అందరిలోకి పెద్దాయన గోదావరి జిల్లాల నుంచి వచ్చి నిజాంపేటలో ఇల్లు కట్టుకున్న మనిషి. మాకంటే పదేళ్లు పెద్ద, అయినా ఎవరితోనైనా మన్ననగానే మాట్లాడేవారు. ఇంట్లో వండించిన పులిహోర స్టీలు డబ్బాలో తెచ్చేవారు, దాని కోసమే వచ్చేవాళ్లు కూడా మాలో ఒకరిద్దరు ఉండేవారని ఇప్పుడు ఒప్పుకోవచ్చు.

మాకు ఉన్న నియమం ఒకటే. ఎవరు ఏ మార్పు చేసినా, ఇంకో ఇద్దరు అక్షరం అక్షరం చదివి సరే అన్న తర్వాతే అది సాఫ్ట్‌వేరులోకి వెళ్లాలి.

ఒక శనివారం, టీలు వచ్చి ఇంకా ఎవరమూ గ్లాసు ముట్టుకోకముందే, పెద్దాయన లేచి వెళ్లి గది తలుపు మూసేశారు. ఎప్పుడూ మూసే తలుపు కాదు అది. ఎక్కడో పరదేశంలో ఉన్న ఒక ముక్కూముఖం తెలియని మనిషి రాసిన ఉత్తరాన్ని ఆయన చిన్న గొంతుతో చదివారు. మా సాఫ్ట్‌వేరులో, బయటినుంచి ఫైళ్లు పంపే చోట ఒక కంత ఉంది. తెలిసినవాడెవడైనా అందులోంచి దూరి, ఆ వెబ్‌సైటులో దాచినవన్నీ చూడవచ్చు, ఎత్తుకుపోవచ్చు, చెరిపేయవచ్చు. మంచిమనిషి కాబట్టి ఊరంతా చాటకుండా మాకు రాశాడు. సవరణ తయారుచేసి, పరీక్షించి, బుధవారం పొద్దున పదిగంటలకు అందరికీ ఒకేసారి విడుదల చేయాలని పెద్దాయన నిర్ణయించారు. అప్పటిదాకా ఈ సంగతి కట్టుకున్నవాళ్లతో కూడా అనకూడదు, ఒక్క మాట బయటికి పొక్కితే దొంగలు మనకంటే ముందు చేరతారు అన్నారు.

ఆ కంత ఎప్పుడు పడిందో వెతికాను. మూడు నెలల కిందటి ఒక మార్పుతో పడింది. దాన్ని చదివి సరే అన్నవాళ్లలో మొదటి పేరు నాది. రెండో పేరు చూసే ధైర్యం లేక అక్కడే మూసేశాను. ఆ రోజు కూడా గుర్తొచ్చింది. ఆఫీసు బస్సు ఫ్లైఓవర్ కింద కదలకుండా నిలిచిపోతే, ఫోనులో సగం చదివి, మిగతాది బాగానే ఉంటుందిలే అనుకుని నొక్కేశాను. ఎదురుగా అందరూ పనిలో మునిగి ఉన్నారు. నేను నోరు విప్పలేదు.

నా భయానికి ఇంకో కారణం ఉంది. మియాపూర్ దాటి ముంబై రోడ్డు మీద గంటన్నర పోతే మా అక్కావాళ్ల ఊరు వస్తుంది. మా బావ అక్కడ రక్తపరీక్షల సెంటరు నడిపేవాడు. పల్లెలనుంచి వచ్చేవాళ్లు రిపోర్టు కోసం మళ్లీ బస్సెక్కకుండా, ఊళ్లోనే ఎవరి ఫోనులోనైనా చూసుకునేలా వెబ్‌సైటు పెట్టించింది నేనే. మా సాఫ్ట్‌వేరుతోనే.

మర్నాడు ఆదివారం అక్క భోజనానికి పిలిచింది. మానేస్తే ఎందుకని అడుగుతుంది, అందుకని వెళ్లాను. బావ తన స్నేహితుడొకాయనను కూడా పిలిచి, ఇది మా మరదలు చేసిందే అంటూ వెబ్‌సైటు తెరిచి చూపిస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు, నాలుగు రోజులు దీన్ని మూసెయ్ బావా అని. ఎందుకంటాడు. ఎందుకో చెప్పకపోతే మూయడు. చెబితే పక్కనున్నాయన వింటాడు, ఆయన ఇంకొకరికి చెబుతాడు, మాట మీద నిలబడి పనిచేస్తున్న మిగతావాళ్ల నోట్లో మట్టి కొట్టినదాన్నవుతాను. అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

"ఏందే, అన్నం ముంగట పెట్టుకొని గట్ల కూసున్నవ్? పానం మంచిగ లేదా?" అంది అక్క.

"తలనొప్పి అక్కా" అన్నాను.

సోమ, మంగళవారాలు ఎలా గడిచాయో చెప్పలేను. ఆఫీసులో ఎవరి ఫోను మోగినా అది అక్కేననిపించేది. గంటకొకసారి బావ వెబ్‌సైటు తెరిచి, పనిచేస్తోందో లేదో చూసేదాన్ని. లిఫ్టులో పక్కనున్నవాళ్లు నవ్వితే నా గురించేనేమో అనిపించేది. నలభై దాటిన మనిషిని, చిన్నపిల్లలా మంగళవారం సాయంత్రం మా ఆయన ముందు కారణం చెప్పకుండా ఏడ్చాను. ఆయన అడగలేదు, ఆ మంచితనానికి ఇంకా ఏడుపొచ్చింది.

బుధవారం పదిగంటలకు సవరణ విడుదలైంది. పది దాటి రెండు నిమిషాలకు బావకు ఫోను చేశాను. సవరణ బయటపడిందంటే కంత ఎక్కడుందో కూడా లోకానికి తెలిసిపోయినట్టే. దాన్ని చూసి దొంగలు వెతకడం మొదలుపెడతారు, ఇక ఎవరు ముందు చేరితే వాళ్లదే.

"ఇప్పుడా? శాంపిళ్ల కోసం లైన్ల ఇరవై మంది ఉన్నరు. జర ఆగు, మధ్యాహ్నం చూస్త" అన్నాడు.

"ఇప్పుడే చెయ్యాలె బావా, పాస్‌వర్డు చెప్పు, నేనే చేస్త."

"రిజిస్టర్ల రాసి ఉన్నది. వెతికి చెప్త తియ్."

మళ్లీ రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. ఆఫీసులో ఒంట్లో బాగోలేదని చెప్పి, అబద్ధం కూడా కాదు అది, కారు మాట్లాడుకుని బయల్దేరాను. దారి పొడవునా రోడ్డు పనులు. నేను సెంటరులో అడుగుపెట్టేసరికి ఒంటిగంట కావస్తోంది. రిజిస్టరు లాక్కుని, వెబ్‌సైటు తెరిచి చూశాను. రిపోర్టులుండే చోట మావి కాని ఫైలొకటి ఉంది. పన్నెండుంపావుకు వచ్చి కూర్చుంది.

దాన్ని తీసేశాను, సవరణ పెట్టాను, వెబ్‌సైటు మూసేశాను. రిపోర్టులేవీ పోలేదు. కానీ వచ్చినవాడు ఎన్ని చూశాడో, ఎన్ని ఎత్తుకుపోయాడో చెప్పే ఆనవాలు ఏదీ లేదు. అలా రాసిపెట్టే ఏర్పాటు ఆ వెబ్‌సైటులో నేను చేయనేలేదు. అప్పుడిక దాచలేక మొత్తం చెప్పేశాను, బస్సులో సగం చదివి సరే అనడంతో సహా. బావ కుర్చీలో కూర్చున్నాడు. ఒకటే అడిగాడు.

"ఆదివారం మా ఇంట్ల కూసున్నప్పుడు నీకు ఎరుకేనా?"

"ఎరుకే బావా."

ఆయన తిట్టలేదు. అప్పటికి వెబ్‌సైటులో రిపోర్టులున్న ముప్పై ఏడుమంది నంబర్లున్న కాగితం నా ముందు పెట్టి, "నువ్వే చెప్పు వాళ్లకు" అని లోపలికి వెళ్లిపోయాడు. చెప్పాను. కొందరికి అర్థం కాలేదు, కొందరు పోనీలే అన్నారు, ఒకాయన బూతులు తిట్టాడు. ఒకామె మాత్రం అంతా విని గొంతు తగ్గించింది. ఏ పరీక్ష చేయించుకుందో నేను చూడలేదు, చూడదలచుకోలేదు.

"మా అత్తగారింట్ల ఎవ్వలకన్న తెలుస్తదా బిడ్డా?"

"తెల్వదమ్మా" అన్నాను. తెలియదని ధైర్యం చెప్పానో, నాకే తెలియదన్నానో, ఆమె ఎలా తీసుకుందో ఏమో. ఫోను పెట్టేసింది. వారం తర్వాత మళ్లీ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఆమెకు ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ బుధవారం సాయంత్రం సెంటరు మెట్ల మీదే కూర్చుని పెద్దాయనకు ఫోను చేసి, తప్పు నాదని అందరికీ రాస్తాను, ఇక తప్పుకుంటాను అన్నాను.

"రెండో పేరు చూడలేదా అండి మీరు?" అన్నారు. "అది నాదేనండి. మొదట మీరు చదివారు కదా, ఇక నేను చూసేదేముందిలే అనుకున్నాను. శనివారం నుంచి నాకూ నిద్ర లేదు."

ఇద్దరి పేర్లతో కలిపి రాశాము. తప్పుకోలేదు, ఇంకో ఆరేళ్లు చేశాము. సగం చదివి సరే అనడం మాత్రం మళ్లీ జరగలేదు. బావ ఏడాదిపాటు నాతో ముక్తసరిగానే మాట్లాడాడు, తర్వాత మెల్లగా మామూలయ్యాడు. ఆ ఆదివారం సంగతి మాత్రం మా మధ్య మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా ఐదుగురిలో ఎవరమూ ఆ పనిలో లేము. పెద్దాయన పోయి మూడేళ్లయింది. సవరణలు వాటంతటవే వచ్చి చేరతాయట, మార్పులు చదివిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయట. మంచిదే. అప్పుడప్పుడు నా ఫోనుకే వస్తుంటుంది సందేశం, మీ వివరాలు బయటికి పొక్కి ఉండవచ్చు, చింతిస్తున్నాము అని. కింద పేరుండదు. తిరిగి ఫోను చేద్దామంటే నంబరుండదు. చదివి చెరిపేస్తాను, అందరిలాగే. కానీ ఎక్కడో ఒక ఊళ్లో ఒకామె అదే సందేశం చదువుకుని, గొంతు తగ్గించి అడగడానికి అవతల ఎవరూ లేక, ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంటుందేమోననిపిస్తుంది.