ఆకులతో పూసే పువ్వు

మా అత్తగారికి పువ్వుల్ని వండటం కొత్త కాదు. అవిసె పువ్వు వేపుతారు. మునగ పువ్వు పెసరపప్పులో వేస్తారు. అరటి పువ్వు దొరికితే చేతులకి నూనె రాసుకుని, ఒక్కో దొప్ప విప్పుతూ, టీవీ చూస్తూ ఎంతసేపైనా కూర్చుంటారు. అందుకే పక్కింటి కొరియన్ పెద్దావిడ ఏప్రిల్‌లో ఒకరోజు గులాబీ రంగు పువ్వులు అద్దిన బుల్లి అట్లు ప్లేట్‌లో పెట్టి కంచె మీదుగా అందిస్తే, అత్తగారు రెండో ఆలోచన లేకుండా ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు.

"బియ్యప్పిండేనే! జిగట బియ్యం. పైన తేనె రాసింది," అన్నారు నాతో, పరీక్షలో జవాబు దొరికినట్టు.

జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్ వదిలి ఈ టౌన్‌హౌస్‌కి వచ్చి అప్పటికి రెండేళ్ళు. మావారు రోజూ రైల్లో మాన్‌హాటన్ వెళ్ళొస్తారు. నేను ఇంటి నుంచే పనిచేస్తాను. పిల్లలిద్దరూ స్కూలుకి వెళ్ళాక ఇంట్లో నేనూ నా మీటింగులూ మిగులుతాం. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన అత్తగారు ఆ మార్చిలో ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. వచ్చిన వారం తిరక్కుండానే పక్కింటావిడతో స్నేహం కలిసింది. ఆవిడ తన కూతురి దగ్గర ఉంటుంది. ఇంగ్లీషు రాదు. అత్తగారికి వచ్చిన ఇంగ్లీషు పోస్టాఫీసు కౌంటర్ దాటదు. అయినా ఇద్దరూ పొద్దున్నే శాలువాలు కప్పుకుని వీధి చుట్టూ తిరిగేవారు, ఒకరు తెలుగులో, ఒకరు కొరియన్‌లో మాట్లాడుకుంటూ.

"మీకేం అర్థమవుతుంది అత్తయ్యా?" అని అడిగాను ఒకసారి.

"అల్లుడి మీద కోపంగా ఉందివాళ. ఎందుకో తెలీదు," అన్నారు.

పక్కింటావిడ పెరట్లో మా కంచెని ఆనుకుని రెండు పొదలుండేవి. రెండూ అజేలియాలే, చలికాలంలో ఆకు రాల్చే రకాలు. ఈ చుట్టుపక్కల ఇళ్ళ ముందు కనిపించే అజేలియాలు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. ఇవి మాత్రం డిసెంబర్ నుంచి ఎండు పుల్లల్లా నిలబడతాయి. మొదటి పొద మార్చి చివర్లో, ఇంకా ఒక్క ఆకైనా రాకముందే, ఉత్త కొమ్మల మీద పూసింది. అట్ల మీద అద్దినవి ఆ పువ్వులే. రెండోది అప్పటికి ఇంకా మొగ్గల మీదే ఉంది.

ఆ అట్ల రోజు ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. నేను ఆఫీస్ కాల్‌లో ఉండి, చెవిలో ఇయర్‌బడ్‌తోనే పెరట్లోకి వచ్చాను. అత్తగారు ఆ అట్టు ఎలా చేయాలో సైగలతో అడుగుతున్నారు. పెద్దావిడ ఒక పువ్వు కోసి, మధ్యలో ఉన్న కేసరాలన్నీ లాగి పారేసి, మిగిలిన పువ్వుని అరచేతిలో పెట్టి చూపించింది. తర్వాత రెండో పొద వైపు వేలు చూపించి, గొంతు పెంచి చాలాసేపు ఏదో చెప్పింది. పక్కనున్న కూతురు నాకు ఇంగ్లీషులో చెప్పింది.

"అమ్మ ఏమంటోందంటే, ఆకుల్లేకుండా పూసేదాన్నే తింటాం. ఆ రెండోది ఇంకో మూడు వారాల్లో ఆకులతో కలిసి పూస్తుంది. చూడటానికి ఇలాగే ఉంటుంది, ఇంకా పెద్దగా, అందంగా ఉంటుంది. కానీ అది విషం. మా ఊళ్ళల్లో దీన్ని అసలు పువ్వు అంటారు, దాన్ని కుక్క పువ్వు అంటారు. మీ అత్తగారికి తప్పకుండా చెప్పమంటోంది."

"ఓకే, ఓకే. ఐ విల్ టెల్ హర్," అన్నాను. సరిగ్గా అప్పుడే కాల్‌లో మా మేనేజర్ నా పేరు పిలిచాడు.

"ఏమంటోందే?" అన్నారు అత్తగారు.

"మొక్కల గురించి అత్తయ్యా. తర్వాత చెప్తాను," అని మ్యూట్ తీసేసి లోపలికి నడిచాను.

వినపడలేదని చెప్పుకోవడానికి లేదు. ప్రతి మాటా వినపడింది. సాయంత్రానికి మర్చిపోయాను, అంతే.

మే మొదట్లో రెండో పొద పూసింది. నేను వంటింటి కిటికీలోంచి చూసి, ఎంత బాగుందో అనుకుని, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను కూడా. కొన్ని కొమ్మలు కంచె దాటి మా వైపుకి వంగాయి. ఒకరోజు పక్కింటావిడ కూతురితో కలిసి కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. అత్తగారు మా వైపుకి వంగిన కొమ్మల నుంచి గిన్నెడు పువ్వులు కోసుకొచ్చారు. పట్టుకుంటే వేళ్ళకి జిగురు అంటుతుంటే తేనె అనుకున్నారట. శుభ్రంగా కడిగి, కేసరాలు లాగేసి, పెసరపప్పు వేసి పొడికూర చేశారు. పిల్లలు వచ్చాక అట్లు కూడా పోద్దామని పిండి నానబెట్టారు.

షుగర్ టాబ్లెట్ వేసుకుంటారు కాబట్టి ఆవిడ భోజనం వేళ తప్పరు. నేను మీటింగ్‌లో ఉన్నానని ఒక్కరే తిన్నారు. నేను కిందికి దిగి వచ్చేసరికి వంటింట్లో గట్టుకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. నోటి నుంచి చొంగ కారుతోంది. చీర మీద వాంతి.

"కళ్ళు మసకేస్తున్నాయమ్మా. మూతంతా తిమ్మిరిగా ఉంది. ఆ కూర నువ్వు తినకు," అన్నారు.

చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. 911కి ఫోన్ చేశాను. అంబులెన్స్‌లో వాళ్ళు ఆమె గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని ఒకరితో ఒకరు అనుకోవడం విన్నాను. ఎమర్జెన్సీలో డాక్టర్ ఏం తిన్నారని అడిగింది. పువ్వులు అన్నాను. ఏం పువ్వులు అంటే ఫోన్‌లో నేను తీసిన ఫోటోనే చూపించాను. ఆమె ఫోటో చూసి, పాయిజన్ సెంటర్‌కి ఫోన్ చేయమని నర్సుకి చెప్పి, నా వైపు తిరిగింది.

"ఇవి తినొచ్చని ఎవరు చెప్పారు?"

"పక్కింటావిడ. కొరియన్. ఆవిడే తినిపించడం మొదలుపెట్టింది," అన్నాను.

అది అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు. అంతటితో ఆగకుండా పక్కింటి అమ్మాయికి ఫోన్ చేసి, "మీ అమ్మ నేర్పిన వంట వల్ల మా అత్తయ్య ఎమర్జెన్సీలో ఉంది," అని అరిచాను. భయంలో అన్నానని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. భయం వేసిన మాట నిజమే. అయితే ఆ భయంలో వేలు ఎటు చూపించాలో నాకు బాగానే తెలిసింది.

సెలైన్ పెట్టారు. గుండె వేగం పెరగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి అత్తగారి ముఖంలోకి రంగు వచ్చింది. మావారు ఆఫీస్ నుంచి తిన్నగా అక్కడికే వచ్చారు. ఆ వెనకే పక్కింటి తల్లీ కూతుళ్ళు వచ్చారు. పెద్దావిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మంచం వైపు నడుం వంచి, అలాగే ఉండిపోయింది. లేస్తే మళ్ళీ వంగుతోంది. ఏడుస్తూ ఒకే మాట పదే పదే అంటోంది. అత్తగారు సూది ఉన్న చేయి ఎత్తి, "లోపలికి రమ్మనండ్రా, ఆవిడెందుకలా నిలబడింది!" అంటున్నారు.

కూతురు నా వైపు చూసింది, అంతే. కంచె దగ్గర ఆ రోజు నాతో చెప్పింది తనే. ఆ మాట డాక్టర్ ముందు, మావారి ముందు అనొచ్చు. అనలేదు. నేను తల తిప్పుకుని అత్తగారి దుప్పటి సర్దాను.

కారిడార్‌లో మావారికి చెప్పాను. "నాకు ముందే చెప్పారు. నేనే మర్చిపోయాను."

ఆయన గోడకి ఆనుకున్నారు. తర్వాత, "ఇప్పుడు చెప్పి ఏం లాభం? అమ్మ బాగానే ఉంది కదా. ముందు ఇంటికి వెళ్దాం," అన్నారు. నన్ను కాపాడాలనే అన్నారు. నాకు కావలసిందీ అదే. సరేనన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారిని ఇంటికి తెచ్చాం. ఆ వారమంతా పక్కింటి పెద్దావిడ బయట కనబడలేదు. పొద్దున్నే అత్తగారు శాలువా కప్పుకుని వెళ్ళి వాళ్ళ బెల్ కొట్టి, తలుపు తీయకపోతే తిరిగొచ్చేవారు. "నేను తిన్నది నా నోరు ఊరుకోక. ఆవిడకి సిగ్గెందుకు?" అనేవారు. నేను లాప్‌టాప్ వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

శనివారం పొద్దున కాఫీ పెడుతుంటే రంపం కోత వినపడింది. యంత్రం కాదు, చేతి రంపం. కొంచెంసేపు ఆగి మళ్ళీ మొదలయ్యేది. ఎవరో కొమ్మలు కత్తిరిస్తున్నారనుకున్నాను. పాల డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి తలెత్తి కిటికీలోంచి చూసేసరికి, కంచె అవతల పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని రెండో పొదని మొదలంటా కోస్తోంది. అల్లుడు పక్కన నిలబడి రంపం ఇవ్వమని అడుగుతున్నాడు, ఇవ్వడం లేదు. నేను బయటికి వెళ్ళేలోపు చివరి కొమ్మ కూడా పడిపోయింది.

మధ్యాహ్నానికి ఆ కొమ్మలన్నీ తాళ్ళతో కట్టి వీధి అంచున పెట్టారు, చెత్త బండి కోసం. ఎవరూ లేనప్పుడు వెళ్ళి వాటి ముందు నిలబడ్డాను. ఆ మొక్కని దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ప్రతి రెమ్మ చివరా ఆకులు అయిదేసి, చాపిన అరచేతిలా, ఒకే చోట నుంచి విచ్చుకుని ఉన్నాయి. ఆ అయిదింటి మధ్య నుంచే పువ్వులు వచ్చాయి. లేత గులాబీ రంగు. పై రేకుల లోపల ఎర్రటి గోధుమ రంగు చుక్కలు, ఎవరో సన్నటి కుంచెతో చిలకరించినట్టు. కేసరాలు పది, పైకి వంగి ఉన్నాయి. పువ్వు తొడిమ ముట్టుకుంటే జిగురుగా ఉంది. ఆకులు, జిగురు, చుక్కలు, ఒక్కదాన్ని చెప్పినా అత్తగారు గుర్తుపట్టి ఉండేవారు. ఏ పురుగు ఏ ఆకుని తింటుందో చెప్పగల మనిషి ఆవిడ.

నేను అక్కడ ఉండగానే కూతురు చెత్త డబ్బా లాక్కుంటూ వచ్చింది. ఇక ఆగలేకపోయాను.

"మీరు నాకు చెప్పారు. నేను మా అత్తయ్యకి చెప్పలేదు. తప్పు మీ అమ్మది కాదు," అన్నాను.

"నాకు తెలుసు," అంది. "నీకు చెప్పానని అమ్మతో ఆ రోజే అన్నాను. నమ్మలేదు. తనని ఓదార్చడానికి అంటున్నానని అనుకుంది. నువ్వొచ్చి చెప్తావని చూశాను." కొమ్మల వైపు తిరిగింది. "ఈ ఇల్లు కొన్న ఏడాది అమ్మ నాటింది. జానెడు మొక్క. జింకలు తినేస్తాయని చలికాలమంతా చుట్టూ వల కట్టేది. చాలా ఏళ్ళు పువ్వే లేదు. వాళ్ళ ఊరి కొండల మీద ఇవే ఉంటాయట."

అప్పుడే లోపలికి వెళ్ళి ఆవిడకి చెప్పాను. వాళ్ళ హాల్లో నేల మీద కూర్చుని, కూతురు కొరియన్‌లో చెప్తూ ఉంటే, ఆవిడ మొహం చూస్తూ మొత్తం చెప్పాను. డాక్టర్‌తో నేనన్న మాట కూడా. ఆవిడ చివరిదాకా విని, నెమ్మదిగా జవాబిచ్చింది.

"పూసినప్పుడు తనే వచ్చి చేయి పట్టుకుని చూపించాల్సిందట," అంది కూతురు. "తినడం నేర్పింది తనే కదా అంటోంది."

నా చేతిలో నుంచి ఆ తప్పుని ఎవరూ తీసుకోరు, ఆవిడ తన చేతిలోది వదలదు. నేను వెళ్ళడం వల్ల తగ్గిందల్లా ఆవిడకి నా మీద ఉన్న గౌరవమే అనుకుంటాను.

అత్తగారికి ఆ సాయంత్రమే చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతున్నారు. చేతిలోది ఆపలేదు.

"నేను చావలేదు, సరే," అన్నారు. "ఆవిడ చేత చెట్టు నరికించావు కదే. వారం రోజులు నా పక్కనే కూర్చుని, నేను తలుపు కొట్టి తిరిగొస్తుంటే చూస్తూ కూర్చున్నావు."

అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ ఆవిడ నన్ను అలా అన్నది లేదు. చిక్కుడుకాయల పళ్ళెం గట్టు మీద పెట్టి, చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్ళారు. ఈసారి తలుపు తెరుచుకుంది. కిటికీలోంచి చూశాను. వెనక మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. పెద్దావిడ అత్తగారి మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టు, చాలాసేపు వదల్లేదు.

నడకలు మళ్ళీ మొదలయ్యాయి. ప్లేట్లు మాత్రం మళ్ళీ కంచె దాటలేదు. అత్తగారు పులిహోర పట్టుకెళ్తే ఆవిడ రెండు చేతులతో అందుకునేది, గిన్నె కడిగి ఖాళీగా తిరిగిచ్చేది. అంతకుముందు ఖాళీ గిన్నె ఎప్పుడూ ఇవ్వలేదు. ఒక పియర్ పండు ముక్క కూడా పెట్టలేదని ఒకరోజు అత్తగారు నాతో అన్నారు, బాధగా. జూన్‌లో నరికిన మొదలు చుట్టూ చిగుళ్ళు వచ్చాయి. నర్సరీలో అడిగితే వేళ్ళు బతికే ఉంటాయి, పొదవుతుంది, పూయడానికి మాత్రం ఏళ్ళు పట్టొచ్చన్నారు. ఆ మాట చెప్దామని వెళ్ళాను. పెద్దావిడ విని తలూపి, చిగుళ్ళని ఇంకోసారి మొదలంటా కత్తిరించేసింది. పక్కింట్లో పిల్లలున్నారు కదా అందట. ఆ పిల్లలు నా పిల్లలే.

ఆగస్టులో అత్తగారు వెళ్ళిపోయారు. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తారు. పిల్లల తర్వాత అడిగేది పక్కింటావిడ గురించే.

"కనిపించిందా? ఎలా ఉంది? వెళ్ళి కాసేపు కూర్చోవే. మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చో."

"అలాగే అత్తయ్యా. బాగుంది," అంటాను.

నిజానికి ఆవిడ పెరట్లో ఉన్నప్పుడు నేను బయటికి వెళ్ళను. మొన్న బట్టల బుట్టతో వెనక తలుపు తీసి, ఆవిడ ఆకులు ఊడుస్తూ ఉండటం చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ మూసేశాను. ఆవిడ తలెత్తి చూసింది. చూసిందనే అనుకుంటున్నాను.